దుర్గ ఉపవాసం

ఏ.ఎస్. రావు నగర్‌లో లోవమ్మ కర్రీ పాయింట్ తెలియనివాళ్లు తక్కువ. భర్త పోయాక అనకాపల్లి వైపు నుంచి వచ్చి, కూతురు సాయిదుర్గను పెట్టుకుని ఆ కొట్టు నిలబెట్టింది. తల్లి వండుతుంది, కూతురు ఉప్పు చూస్తుంది. దుర్గ సరే అననిదే ఏ కూరా కౌంటరు మీదికి రాదు.

ఆ రోజు పొద్దున పులుసు రుచి చూడమంటే దుర్గ తల అడ్డంగా ఊపింది.

"ఉపవాసమమ్మా. మంచినీళ్లు కూడా ముట్టను."

లోవమ్మ మొహం వెలిగిపోయింది. "తలుపులమ్మ తల్లికి మొక్కుకున్నావేటే? సంబంధం కుదరాలనేనా?" అని తనే అడిగి, తనే జవాబు చెప్పుకుని, వచ్చినవాళ్లందరికీ చాటడం మొదలుపెట్టింది.

మన మర్యాద ఎలాంటిదో చూడండి! టమాటా పప్పు కోసం వచ్చినవాళ్లు ఆ పిల్లకు చేతులెత్తి మొక్కారు. ఒకావిడైతే తమ మేనల్లుడి జాతకం తెస్తానంది.

దుర్గకు మాత్రం లోపల పండగలా ఉంది. ఇది ఆమె మొదటి రంజాన్, అందులో మొదటి రోజు. నిరుడు వానాకాలంలో చదివి, ఆలోచించి, తనంతట తానే ఇస్లాం స్వీకరించింది. ఎవరికీ చెప్పలేదు. ఉండగలనా అని భయపడింది గానీ, మధ్యాహ్నం దాటేసరికి ఆకలిని మించిన సంబరంతో కాళ్లు నేల మీద నిలవడం లేదు. ఆ దండాలే గుచ్చుకున్నాయి. చెప్పకపోవడం వేరు, అబద్ధాన్ని మోయడం వేరు. కొట్టు ఖాళీ అయ్యేదాకా ఆగింది.

"అమ్మా, ఇది అమ్మవారి మొక్కు కాదు. రంజాన్ ఉపవాసం. నేను ముస్లింనయ్యాను."

లోవమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎవడే ఆడు?"

"ఎవడూ లేడమ్మా. నాకు నేనే అయ్యాను."

"మరి నానేటి తక్కువ సేసేనే నీకు?"

"నువ్వేం తక్కువ చెయ్యలేదు. నీకు అబద్ధం చెప్పలేకపోయాను, అంతే. బయట మాత్రం ఎవరికీ చెప్పకమ్మా."

లోవమ్మ ఏడ్చింది, తిట్టింది, గిన్నెలు ఎత్తి పడేసింది. సాయంత్రం దాకా కూతురి మొహం చూడలేదు. అమ్మ నలుగురిలో బయటపెడుతుందా, ఇంట్లోకి రానిస్తుందా అని దుర్గ మాటిమాటికీ తల్లి వైపు చూస్తూనే ఉంది.

పొద్దు వాలే వేళకు కొట్టు ముందు జనం కిక్కిరిశారు. రోజూ పప్పుచారు పట్టుకెళ్లే రిటైర్డ్ మాస్టారు రామభద్రరావు నవ్వుతూ ముందుకొచ్చారు.

"ఏందమ్మా, మన దుర్గ ఉపవాసమంట గద! ఇయ్యాల ఏకాదశి సుత కాదు. ఏ దేవునికి?"

అందరూ ఇటే తిరిగారు. తల్లి నోట ఒక్క మాట జారితే తెల్లారేసరికి కాలనీ అంతా కథలు అల్లుతుంది. లోవమ్మ కూతురి వైపు చూసింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. చేతులు ఆగకుండా పొట్లాలు కడుతున్నాయి.

"మాస్టారూ," అంది లోవమ్మ, "ఇన్ని కూరల వాసనలో నిలబడి పొద్దున్నుంచీ పిల్ల మెతుకు ముట్టలేదు. అది ఆ పిల్లకీ, ఆ పిల్ల దేవుడికీ సంబంధించింది. పొద్దుట నానూ మీలాగే అడిగీసేను. అడక్కుండా ఉండాల్సింది." కూతురి వైపు తిరిగింది. "పొద్దు పోయింది గదే, లోపలికెల్లి ముందు నీళ్లు తాగు. కొట్టు నాను సూసుకుంతాను."

దుర్గ ఒక్క పరుగున లోపలికి వెళ్లింది. ఆ నీళ్ల రుచి ఆమెకు జన్మలో మరిచిపోయేది కాదు.

మాస్టారు తన పప్పుచారు పొట్లం అందుకున్నారు. "మంచిగ జెప్పినవమ్మా," అని మాత్రం అన్నారు.

లోవమ్మ మనసు ఇంకా కుదుటపడలేదు. రేపు మళ్లీ ఏడుస్తుందేమో కూడా. అయినా ఆ సాయంత్రం ఆమె మనందరికీ ఒక మాట చెప్పింది: ఒకరి ఉపవాసాన్ని గౌరవించడానికి అది ఏ దేవుడి పేరు మీదో మనకు తెలియనక్కరలేదు.