మనం చూసుకుంటున్న రేడియేటర్లు

రెండు వేల ఇరవై అయిదు, జనవరి పన్నెండు, ఆదివారం సాయంత్రం. సింగపూర్ బిషాన్‌లోని ఫ్లాట్‌లో భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నవారు పురుషోత్తం, అతని అన్నగారు దొరబాబు, వారి తల్లి వరలక్ష్మమ్మ. పురుషోత్తం కూతురు లక్ష్మీప్రియ సోఫాలో ఫోన్ చూసుకుంటోంది. భార్య సరయు వంటగదిలో పకోడీలు వేయిస్తోంది. వాళ్ళు సమావేశమైంది లీడ్స్ ఇంటి రేడియేటర్ల సంగతి తేల్చడానికి. ఆ రేడియేటర్ల సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి పకోడీలు వేయిస్తోంది.

ఇంగ్లండ్‌లోని లీడ్స్ పురుషోత్తం చదువుకున్న ఊరు. అన్నదమ్ములిద్దరూ తమ పేర్ల మీద అక్కడొక ఇల్లు కొని అద్దెకిచ్చారు. చలిదేశం కనుక బాయిలర్‌లో కాగిన నీళ్ళు గొట్టాల వెంట వచ్చి, గోడలకు బిగించిన ఇనుప రేడియేటర్లలో తిరిగి గదులను వెచ్చబరచాలి. ఇనుము తుప్పు పట్టకుండా ఆ నీళ్ళలో ఒక మందు కలపాలి. మూడేళ్ళ కిందట ఏదో గొట్టం మార్చడానికి నీళ్ళన్నీ తీసి మళ్ళీ నింపినప్పుడు, మందు దండగ ఖర్చని పురుషోత్తం ఫోన్‌లోనే తేల్చేశాడు. కలిపిద్దామని సరయు రెండుసార్లు చెప్పింది. "మలేషియా పేరాక్‌లో పుట్టి సింగపూర్‌కొచ్చావు. బతుకులో ఒక్కసారైనా స్వెట్టర్ తొడుక్కున్నావా? నువ్వు నాకు హీటింగ్ గురించి చెబుతావా?" అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చిన స్నేహితులందరూ నవ్వారు. చేతిలో కాఫీ ట్రే ఉండగా సరయు కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు మండుతుంది.

స్వెట్టర్ ఎరుగని ఆ మనిషే ఇప్పుడు ఏ గదిలో ఏ రేడియేటర్ కింది అంచున కారుతోందో, ఏ కవాటం తుప్పుకు బిగుసుకుపోయిందో చెప్పగలదు. పైన తెల్లరంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల ఇనుము నల్లటి బురదగా మారి, ఒకనాడు సూదిమొనంత రంధ్రం తెరుచుకుంటుంది. తివాచీలు తడుస్తాయి. కింది గది కప్పు ఉబ్బుతుంది. అద్దెకున్నావిడ ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్ సరయుకే వస్తుంది, ఎందుకంటే అక్కడి మనుషులందరికీ పురుషోత్తం ఇచ్చింది సరయు నంబరే.

తెలుగులో 'మేము' వేరు, 'మనము' వేరు. వినేవాళ్ళను కలుపుకోవాలో వద్దో మాట్లాడేవాడి ఇష్టం. ఈ వ్యాకరణాన్ని పురుషోత్తం వాడినంత కచ్చితంగా పండితులు కూడా వాడరని సరయుకు అనిపించేది. విందుల్లో, ఆమెకు వినబడేలాగే, "మేం లీడ్స్‌లో ఇల్లు కొన్నాం" అంటాడు. ఆ 'మేం'లో అన్న ఉంటాడు, ఆమె ఉండదు. నీళ్ళు కారిన రోజున మాత్రం, "మనం ప్లంబర్‌ని పిలవాలి, మనం ఆవిడకి సర్దిచెప్పాలి" అంటాడు. ఆ 'మనం'లోకి ఆమెను పిలిచి కూర్చోబెట్టి, తక్కినవాళ్ళందరూ లేచి వెళ్ళిపోతారు. ఇంత మర్యాదగల ఆజ్ఞను ఆమె మరెక్కడా వినలేదు. కాదనడానికి వీలుండదు, ఎందుకంటే ఎవరూ ఆమెను చెయ్యమనలేదు కదా!

పాయా లేబర్‌లోని బీమా కార్యాలయంలో ఆమె నష్టపరిహారం దరఖాస్తులు పరిశీలిస్తుంది. ఫోన్ పట్టుకుని మెట్ల దగ్గరికి పరుగెత్తిన ప్రతిసారీ పై అధికారిణి శర్మిల, "మళ్ళీ మీ ఇంగ్లండ్ బంగళాయేనా?" అని నవ్వేది. నిరుడు సరయుకు రావలసిన ప్రమోషన్ రాలేదు. ధ్యాస నిలకడగా లేదని రాశారట. ఇంటికొచ్చి చెబితే పురుషోత్తం, "మనం కొంచెం ఫోకస్ పెంచుకోవాలి" అన్నాడు. క్రిస్మస్‌కు అద్దెకున్నావిడ ఒక కార్డు పంపింది: మిస్టర్ పురుషోత్తంకూ, ఓపికగల ఆయన సెక్రటరీకీ ధన్యవాదాలు అని. అతను పగలబడి నవ్వి దాన్ని ఫ్రిజ్ మీద అంటించాడు. అప్పటినుంచి దొరబాబు మరదలిని పిలిచే పేరు అదే.

"సెక్రటరీ గారూ, ఇలా వచ్చి ఓ సంతకం పడెయ్యండి!"

సరయు చేతులు తుడుచుకుంటూ వచ్చి కాగితం తీసుకుంది. రేడియేటర్లన్నీ మార్చాలనీ, బాధ్యులెవరో సంతకం చేసి పంపితే తప్ప పని మొదలుపెట్టననీ అక్కడి ప్లంబర్ అన్నాడు. అన్నదమ్ములు ముసాయిదా రాసుకున్నారు. మరమ్మతులకూ, అద్దెదారులకూ, ఇకమీదట వాటిల్లే నష్టాలన్నిటికీ పూచీ సరయుది. ఇలాంటి వాక్యాల కింద ఆలోచించకుండా సంతకం చేసినవాళ్ళ ఏడుపులు చదవడమే ఆమె ఉద్యోగం.

"నష్టాలకు కూడా నేనేనా?"

"ఫార్మాలిటీయే. రోజూ మనం చేసేదేగా," అన్నాడు పురుషోత్తం.

"మనం అంటే ఎవరండీ?"

"అదేం ప్రశ్న?"

"పేర్లు చెప్పండి."

"ఓరి నాయనో, సెక్రటరీకి కోపమొచ్చిందిరోయ్," అన్నాడు దొరబాబు పకోడీ అందుకుంటూ.

"మొగుడి పనీ నీ పనీ వేరేనా అమ్మా?" అంది వరలక్ష్మమ్మ. "వాడు వన్-నార్త్ ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికే సొమ్మసిల్లిపోతాడు."

"నేనూ ఆఫీసు నుంచే వస్తాను అత్తయ్యా."

"వస్తావులే, కాదన్నదెవరు?"

సోఫాలోంచి లక్ష్మీప్రియ తలెత్తి సింగపూర్ ఇంగ్లీషులో అంది. "డాడీ, యూ డోంట్ ఈవెన్ నో ద టెనెంట్స్ నేమ్ లా!"

"ఎందుకు తెలీదూ? ఆవిడ... మిసెస్..." అంటూ పురుషోత్తం అలవాటుగా భార్య వంక చూశాడు. పేరు సరయు నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళూ అలాగే అందించింది: పేర్లు, తేదీలు, క్షమాపణలు. ఈసారి అందివ్వలేదు.

లీడ్స్ ఇంట్లో అద్దెకున్నావిడకు చంటిపిల్ల ఉంది. చలిలో ఆ పిల్ల వణకకూడదన్న జాలితోనే ఇన్నాళ్ళూ ఆమె లొంగింది. వీళ్ళు ఆ జాలి మీదే ఇల్లు నడిపారు. ఆమె ఫోన్ తీసి అద్దెకున్నావిడకూ, ప్లంబర్‌కూ ఒకే సందేశం పంపింది: ఇంటి యజమాని నంబరు ఇది, ఇకమీదట ఆయనతోనే మాట్లాడండి. తర్వాత కలం తీసుకుని, కాగితంలో తన పేరున్న చోటల్లా కొట్టేసి, పైన పురుషోత్తం పేరు రాసింది.

"ఏం చేస్తున్నావు నువ్వు?" అతను లేచాడు. అంతలో అతని జేబులో ఫోన్ మోగింది. తీసి చూసి, భార్య వైపు చాపాడు. "లీడ్స్ నుంచి. మాట్లాడు."

"అది మీ ఫోనండీ."

అతను ఎత్తాడు. అవతల చంటిపిల్ల ఏడుపు అందరికీ వినిపించింది. "యెస్... వీ విల్... మీకు సాయంత్రమయ్యేలోపు చెబుతాం," అని పెట్టేసి అన్నగారి వైపు తిరిగాడు. "అన్నయ్యా, మనం ఇప్పుడు..."

"మనం కాదురా, నువ్వు," అన్నాడు దొరబాబు, చెయ్యి తుడుచుకుంటూ. "లీడ్స్‌లో చదివినవాడివి. నాకు హీటింగ్ గురించి ఏం తెలుసు?"

పురుషోత్తం కాగితాన్ని తన ముందుకు లాక్కున్నాడు. తర్వాత కూర్చుని సంతకం చేశాడు. కలం అంత గట్టిగా నొక్కితే కాగితం చిరుగుతుందేమోనని సరయు అనుకుంది.

కాగితాన్ని తన వైపు తిప్పుకుని, అతని సంతకం కింద ఖాళీలో 'సాక్షి' అని రాసింది. దాని పక్కన తన పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది. మడతపెట్టి, అతని ఆఫీసు సంచిలో లాప్‌టాప్ పక్కన దోపి, జిప్పు చివరిదాకా లాగింది.