నాణెం మీది మూడో మనిషి

అలెగ్జాండ్రియా కంసాలి వీధిలో పొద్దున్నే చేసే పని, విజయదేవతను నాణెం మీంచి కాసేపు లేపడం. బంగారు నాణేన్ని మెడలో వేసుకోవాలంటే బెజ్జం పెట్టాలి. ఒకవైపు చక్రవర్తి మొహం మీద గీత పడిందా, కంసాలి తల ఎగిరిపోతుంది. రెండోవైపు దేవత రెక్కకు తగిలిందా, ఆవిడ ఆ పూటంతా కొట్లో గింగిరాలు తిరుగుతుంది. అందుకే ముందు నాణేన్ని వెచ్చబెడతారు. దేవత ఎగిరి దూలం మీద కూర్చుని, పనయ్యాక దిగివస్తుంది.

మిగతావాళ్లు నాణేన్ని నిప్పుల మీద పెడతారు. జియా అరచేతుల మధ్య పెట్టుకుంటుంది. చక్రవర్తి గెలిచిన డేసియా దేశపు యుద్ధంలో పట్టుబడి వచ్చిన బానిస ఆమె. యజమానురాలు సరపియాస్ కొట్టు నడిచేదే ఆ చేతుల మీద.

"అమ్మగారూ, పదేళ్లయింది. నన్ను విడిచిపెడతానన్నారు," అంది జియా ఆరోజు, పప్పుగిన్నె ముందు పెడుతూ.

సరపియాస్ పకపకా నవ్వి, చేతిలో ఉన్న నాణెం చూపించింది. దేవత కాలికింద మోకాళ్ల మీద, బందీగా, ఓ డేసియా ఆడది. "ఇది లేచి నిలబడిన రోజున వదిలేస్తానే. చక్రవర్తి మీద ఒట్టు!"

పక్కకొట్టు పెటోసిరిస్ ఉల్లిపాయ నమలడం ఆపాడు. "అక్కా, ఆ ఒట్టెందుకు? తప్పితే కొరడా దెబ్బలే."

"పోరా! దేవతలు ఎగురుతారు గానీ, బందీలు ఎప్పుడైనా లేచారా?"

నిజమే, లేవలేదు. లెమ్మని వాళ్లతో అన్నవాళ్లూ లేరు.

జియాకు ఒళ్లు మండిపోయింది. నాణేన్ని అరచేతుల మధ్య పెట్టుకుంది. దేవత దూలమెక్కింది. జియా వంగి, చిన్నప్పుడు వాళ్లమ్మ తనను లేపినట్టే, తన ఊరి భాషలో అంది: "లేవవే, పొద్దెక్కింది."

నాణెం మీది బందీ లేచింది. మోకాళ్లు దులుపుకుంది. కొంగు సర్దుకుని, నాణెం అంచు దాటి, కొట్టు గుమ్మం దాటి వెళ్లిపోయింది.

వీధంతా చూసింది.

"సాక్షి సంతకానికి నేనున్నా అక్కా," అన్నాడు పెటోసిరిస్, మళ్లీ ఉల్లిపాయ కొరుకుతూ.

సాయంత్రానికి విడుదల పత్రం చేతికొచ్చింది. జియా దాన్ని రొమ్మున దోపుకుని, మొదలుపెట్టిన పని వదిలేయడం ఇష్టంలేక, నాణేనికి చక్కటి బెజ్జం పెట్టి ఇచ్చింది.

"వస్తాను, సరపియాసక్కా," అంది. అమ్మగారూ అనలేదు.

దూలం దిగివచ్చిన దేవత కాలు మోపే చోటు కోసం వెతికింది. దొరకలేదు. చివరికి ఆ ఖాళీలో తనే మోకాళ్ల మీద కూర్చుంది.