‘శారి’ అని పిలిచాడు

ఈ ఏడు పండక్కి బుడాపెస్ట్ పోదామన్నది ఎతెల్కాయే. తర్వాత ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా తన నోటిని తానే తిట్టుకుంది.

ప్రతి ఏడూ క్రిస్మస్‌కి అక్క శరోల్తా రైలెక్కి చెల్లెలి ఊరు మాకోకి వచ్చేది. మొగుడితో విడిపోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. రాజధానిలో ఒక నాటకశాలకి వేషాలు కుడుతుంది. చెల్లెలింట్లో మిరపకారం వేసిన చేపల పులుసు తిని, మరిది కోర్నేల్‌తో పేకాడి, జడలల్లిన వెల్లుల్లి సంచీలో వేసుకుని వెళ్ళిపోయేది. ఆ నాలుగు రోజులూ ఎతెల్కాకి ప్రాణం హాయిగా ఉండేది. పట్నంలో ఉంటేనేం, అక్కకి లేని సంసారం తనకుంది. పైకి ఎన్నడూ అనలేదు గానీ, ఆ ఊహ పొయ్యి పక్కన కూర్చున్నంత వెచ్చగా ఉండేది.

ఈసారి పండగ రోజుల్లో కూడా సాయంత్రాలు నాటకాలున్నాయని శరోల్తాకి సెలవివ్వలేదు. ఎతెల్కా కూతురేమో స్నేహితులతో కొండల మీదికి పోతానంది. “అయితే మేమే వస్తాం. పండగపూట నువ్వొక్కదానివే ఉంటావా?” అని ఎతెల్కా ఫోన్లో జాలిపడింది.

శరోల్తా ఉండేది పాత మేడ, మూడో అంతస్తు. రైలు దిగి, మెట్లెక్కి, వాళ్ళింకా మఫ్లర్లు విప్పుకోకముందే ఆమె బీరువా అడుగు నుంచి రెండు జతల స్కేట్లు బయటికి లాగింది. ఒక జత తెల్లది, ఆడవాళ్ళది. రెండోది నల్లది.

“మా ఆయన వదిలేసి పోయినవాటిలో పనికొచ్చేవి ఈ నల్లవే. వేసుకో మరిదీ.”

కోర్నేల్ మంచం అంచున కూర్చుని నల్లవి తొడుక్కున్నాడు. కొలత తీసి కుట్టించినట్టు సరిపోయాయి.

“ఈయనకేం తెలుసని?” అంది ఎతెల్కా నవ్వుతూ.

శరోల్తా చెల్లెలి వంక వింతగా చూసింది. “ఏం తెలుసా? మనూరి మరోష్ ఏటిపాయ గడ్డకట్టిందంటే వీడిదే రాజ్యం. వెనక్కి పోతూ ఎనిమిదంకె చుట్టేవాడు. ఊరు ఊరంతా గట్టెక్కి చూసేది. నువ్వప్పుడు చిన్నపిల్లవి, చెవిపోటని అమ్మ బయటికి రానిచ్చేది కాదు.”

‘వీడు’ అన్న మాట ఎతెల్కా చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఇరవై ఏళ్ళు దాటిన కాపురంలో కోర్నేల్ స్కేట్లెక్కగా ఆమె చూడలేదు. సైకిళ్ళు బాగుచేసుకునే మనిషి. ఇంట్లో మాట్లాడితే మాట్లాడినట్టు, లేకపోతే లేనట్టు. పాయ ఇప్పుడు గడ్డకట్టడం మానేసింది. ఆయన కూడా దాని సంగతెత్తడం మానేశాడు కాబోలు.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ నగరవనంలోని మంచు మైదానానికి వెళ్ళారు. పక్కనున్న పాత కోట వెనక దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. పాటలు మోగుతున్నాయి. పిల్లా పెద్దా గుండ్రంగా తిరుగుతున్నారు. ఎతెల్కా కంచె ఇవతల నిలబడింది. ఇద్దరి కోట్లూ ఆమె చేతుల మీద.

కోర్నేల్ మొదట దూడలా తడబడ్డాడు. ఒక చుట్టు అయ్యేసరికి నడుము నిలిచింది. రెండో చుట్టులో మనిషే మారిపోయాడు. ఎప్పుడూ ముందుకి వంగి ఉండే భుజాలు వెనక్కి విచ్చుకున్నాయి. గిరుక్కున తిరిగి, వెనక్కి జారుతూ, రెండు చేతులూ చాచి అరిచాడు.

“శారి! చెయ్యివ్వు!”

శరోల్తా చేతులందించింది. ఇద్దరూ జనాన్ని చీల్చుకుంటూ వెళ్ళిపోయారు. ఆమె ఎర్ర టోపీ, ఆయన నెరిసిన తల పక్కపక్కనే వొంగి, పక్కపక్కనే లేచాయి. కోర్నేల్ నవ్వుతున్నాడు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు.

ఎతెల్కా పక్కన ఒక పెద్దావిడ కాచిన ద్రాక్షసారా గ్లాసు పట్టుకుని చూస్తోంది. “ఎంత ముచ్చటైన జంట! మీవాళ్ళేనా?” అంది.

“ఆవిడ మా అక్క.”

“అయితే ఆయన మీ బావగారన్నమాట. అదృష్టవంతురాలమ్మా మీ అక్క. మా ఆయన్ని కుర్చీలోంచి లేపాలంటేనే కొక్కెం కావాలి.”

కాదు, ఆయన నా మొగుడు అని చెప్పడానికి ఎంతసేపు? ఎతెల్కా నోరు తెరిచింది. “అవునండీ” అన్న మాట వచ్చింది. ఎందుకలా అన్నదో ఆమెకే తెలియలేదు. ఆ తర్వాత ఆ పెద్దావిడ మెచ్చుకున్న ప్రతిసారీ చేతుల మీది కోట్లని ఇంకొంచెం గట్టిగా నలిపింది.

సాయంత్రం శరోల్తా నాటకశాలకి వెళ్ళగానే ఎతెల్కా మొదలుపెట్టింది.

“నాకెందుకు చెప్పలేదు?”

“ఏం చెప్పలేదు?”

“నీకిది వచ్చని.”

“మనూళ్ళో మంచేదీ, చెప్పడానికి?” కోర్నేల్ చీలమండ రుద్దుకుంటున్నాడు. మొహంలో ఇంకా వెలుగుంది.

“మనింట్లో వదినగారూ అంటావు. ఇక్కడ శారి అన్నావు.”

“అన్నానా?”

“అన్నావు. మైదానమంతా విన్నది.”

“చిన్నప్పటి పేరు కదా, నోటికొచ్చుంటుంది. నువ్వు మరీను, ఎతూ.” అంతే. గసగసాల రొట్టె ముక్క నోట్లో వేసుకుని, రేపు మైదానానికి ఎన్నింటికి బయల్దేరదామని అడిగాడు.

రెండో రోజూ అదే ఆట. ఎతెల్కా అవే కోట్లు మోసింది. ఆ రాత్రి అక్క ఇంట్లో ప్రతి వస్తువూ ఆమె కళ్ళలో పడింది. కిటికీ తెరలకి కుట్టిన పట్టు అంచు, అద్దం ముందు మూడు రకాల అత్తరు, ఆ అద్దంలోనే నలభై తొమ్మిదికే తన నడుముకి చుట్టుకున్న మడతలు, యాభై నాలుగేళ్ళొచ్చినా అక్క నడుముకి రానివి. ఇన్నేళ్ళూ తను జాలిపడిన మనిషి ఈమేనా?

మూడో రోజు శరోల్తా, కోర్నేల్ ముందే వెళ్ళారు, టికెట్ల వరసలో నిలబడాలని. ఎతెల్కా పొయ్యి మీద కూర దించి, స్కేట్ల సంచీ తీసుకుని వెనక రావాలి. భూగర్భంలో నడిచే పాత చిన్న రైలెక్కింది. సంచీ పక్క సీటులో పెట్టింది. సంచీ మూతిలోంచి తెల్ల జత మడమ బయటికి పొడుచుకుని ఉంది. దిగాల్సిన స్టేషన్, వీరుల కూడలి వచ్చింది. ఎతెల్కా లేచింది. దిగింది. చేతులు ఖాళీగా ఉన్నాయని ఆమెకి తెలుసు. తలుపులు మూసుకునేదాకా వెనక్కి తిరగలేదు. తిరిగేసరికి అద్దంలోంచి ఆ తెల్ల మడమ కదిలిపోతూ కనిపించింది.

పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతూ వెళ్ళి చెప్పింది. “అయ్యో అక్కా, రైల్లో మర్చిపోయానే!”

శరోల్తా మొహం ఒక్క క్షణం పాలిపోయింది. అంతలోనే సర్దుకుంది. “పోనీలే. పోగొట్టుకున్న సామాన్ల ఆఫీసు పండగలయ్యాక గానీ తెరవరు. అప్పుడు వెళ్ళి అడుగుతాను.”

“మరిప్పుడు ఇంటికి పోదామా?” అంది ఎతెల్కా.

“ఇంటికెందుకు?” కోర్నేల్ ఆశ్చర్యపోయాడు. “ఇక్కడ అద్దెకిస్తారుగా!”

ఇద్దరూ స్కేట్లు అద్దెకిచ్చే కిటికీ దగ్గరికెళ్ళి, చెరో నీలం జత తగిలించుకుని, రెండు కోట్లూ ఆమె చేతుల్లో పెట్టి మంచు మీదికి పోయారు. అద్దె స్కేట్ల మీద కూడా కోర్నేల్ ఎనిమిదంకె చక్కగానే చుట్టాడు.

ఎతెల్కా ఆ కోట్లు కంచె మీద పడేసింది. వెళ్ళి తనూ ఒక జత అద్దెకి తీసుకుంది. లేసులెలా బిగించాలో తెలియక చుట్టూ చుట్టి ముడేసింది. కంచె పట్టుకుని నాలుగడుగులు వేసింది. అక్కా, మొగుడూ ఎదురుగా చేతులు పట్టుకుని వస్తుంటే కంచె వదిలేసింది. కాళ్ళు తనకంటే ముందే వెళ్ళిపోయాయి. పడుతూ పడుతూ దొరికింది పట్టుకుంది. అది శరోల్తా కోటు లేని నడుము. అక్కాచెల్లెళ్ళిద్దరూ దభీమని కూలబడ్డారు. కోర్నేల్ ఆగలేక అంత దూరం జారిపోయాడు.

“పిచ్చెక్కిందా నీకు? ఎముకలు విరిగేవి!” శరోల్తా మోచెయ్యి పట్టుకుని అరిచింది.

“విరగనీ! నువ్వు వాటేసుకు తిరుగుతుంటే నేను కోట్లు మొయ్యాలా?”

“ఓహో. అదా సంగతి.” శరోల్తా మంచు మీదే కూర్చుని చెల్లెల్ని తేరిపార చూసింది. “సంచీ మర్చిపోలేదు నువ్వు. అవునా?”

ఎతెల్కా తన లేసు ముడిని ఇంకా బిగించింది. జనం వాళ్ళ చుట్టూ పాయలు చీలి పోతున్నారు.

“నా మొదటి జీతంతో కొనుక్కున్నానే ఆ తెల్లవి. నా పెళ్ళికంటే ఎక్కువ కాలం నిలబడ్డాయవి.” శరోల్తా పడిపోయిన టోపీ తీసి దులిపింది. “ఏం చూసి కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నావు? వీణ్ణి నేనేం ఇంటికి తెచ్చుకుంటానా? తెచ్చుకునేదాన్నయితే వాడు అడిగిన రోజే...”

శరోల్తా నాలుక కరుచుకుంది.

“అడిగిన రోజేంటి?”

“ఏం లేదు. లే.”

“ఏమడిగాడు? చెప్పు.”

“పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. పాయ మీద. నాకు పద్దెనిమిదేళ్ళు. వద్దన్నాను. ఆ ఊళ్ళో ఉల్లిపాయలు ఒలుస్తూ బతకలేనన్నాను. నీ పెళ్ళప్పుడు నోరు మూసుకున్నాను. చెప్తే ఎవరికి లాభం?” లేచి నిలబడి, బట్టలకంటిన మంచు దులుపుకుంది. “ఇంకోటి కూడా విను. ప్రతి ఏడూ నీ బల్ల దగ్గర నా కంచంలో రెండోసారి వడ్డిస్తూ నువ్వు చూసే చూపుంది చూడు, పాపం అక్క అని. అది నాకు తెలియదనుకున్నావా? అయినా వచ్చాను. పక్కన కూర్చుని చూడడం నేను ఇన్నేళ్ళు ఓర్చుకున్నాను, నువ్వు మూడు రోజులు ఓర్చుకోలేకపోయావు.”

చెయ్యి అందించకుండానే వెళ్ళిపోయింది.

ఎతెల్కాని లేపింది కోర్నేల్. బెంచీ మీద కూర్చోబెట్టి, వంగి ఆమె లేసుల చిక్కు విప్పుతున్నాడు.

“మా అక్కని పెళ్ళి చేసుకుంటానని అడిగావట.”

ఆయన వేళ్ళు ఆగాయి. తలెత్తలేదు. “అడిగాను.”

“నాకు చెప్పాలని అనిపించలేదా?”

“ఆ చలికాలమే రొట్టెలంగడి వాళ్ళమ్మాయినీ అడిగాను. ఆ పిల్లా కాదంది. ఆమె గురించీ నీకు చెప్పలేదు.”

“నవ్వించకు. నాకు ఒళ్ళు మండుతోంది.”

“నవ్వించడం లేదు.” లేసు మళ్ళీ లాగుతూ అన్నాడు. “అప్పట్లో శారి అంటే ఇష్టమే. అబద్ధమెందుకు చెప్పాలి? ఈ మూడు రోజులూ సంతోషంగా ఉన్న మాట కూడా నిజమే. అది శారి వల్లో, మంచు వల్లో, నా పద్దెనిమిదేళ్ళ వల్లో నాకు తెలీదు, ఎతూ. విడదీసి చూడలేదు.”

ఆమె వినాలనుకున్న మాట అది కాదు. ‘నాకు నువ్వే’ అని ఉంటే ఆమె నమ్మేది కాదు. అలా అననందుకు గుండె కోసినట్టుంది. అయినా ఆయన ఆ లేసు చిక్కు చివరిదాకా విప్పి, చల్లబడ్డ పాదాన్ని రెండు అరచేతుల్లో పెట్టుకున్నాడు. ఆమె లాక్కోలేదు.

ఆ మర్నాడు శరోల్తా తనంతట తాను చెల్లెల్ని పలకరించలేదు. పొద్దున్నే కాఫీ మాత్రం ముగ్గురికీ పెట్టింది. మధ్యాహ్నం కోట్లకి ఊడిన గుండీలు కుట్టుకుంటూ కూర్చుంది. ఎతెల్కా వెళ్ళి పక్కన నిలబడింది.

“అక్కా, కావాలనే వదిలేశాను.”

“తెలుసని చెప్పాగా.”

“నీలాంటివి కొనిస్తాను.”

“అలాంటివి ఇప్పుడు చెయ్యరు.” దారం పళ్ళతో తెంపింది. “కొనొద్దు. నువ్వు కొంటే, వాటిని చూసినప్పుడల్లా నిన్ను క్షమించాల్సొస్తుంది. నాకంత ఓపిక లేదు.”

కొత్త సంవత్సరం రోజు ముగ్గురూ కలిసి పప్పు పులుసు తిన్నారు. శరోల్తా కోర్నేల్‌ని మళ్ళీ ‘మరిదీ’ అనే పిలిచింది. ఆ తేడా ఎతెల్కా విన్నది. కానీ సంతోషించలేకపోయింది.

తిరుగు రైలు సాయంత్రం. మధ్యాహ్నం కోర్నేల్ మఫ్లర్ చుట్టుకుంటూ, “పోదామా?” అన్నాడు. శరోల్తా తలెత్తలేదు. “నాకు కుట్టు పనుంది. మీరు పొండి.”

నగరవనంలో, అద్దె స్కేట్ల మీద కోర్నేల్ వెనక్కి జారుతూ ఎతెల్కా రెండు చేతులూ పట్టుకుని లాగాడు. ఆమె ఆయన కాళ్ళకేసే చూస్తోంది. “నా కాళ్ళకేసి చూడకు. నా వెనకాల ఏముందో చూసి చెప్పు. నాకు కనపడదు” అన్నాడు.

“పిల్లలు. కుడివైపు.”

ఆయన కుడివైపు పిల్లల్ని తప్పించాడు. అర చుట్టు అయింది. ఆమె పడలేదు. ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికయిపోయినట్టయింది. వెంటనే తల తిప్పి కంచె వైపు చూసింది, అక్క చూస్తోందేమోనని. అక్కడెవరూ లేరు.

“ఎవరికోసం చూస్తున్నావు?” అన్నాడు కోర్నేల్.

“ఎవరికోసమూ కాదు.” ఆయన చేతులు గట్టిగా బిగించి పట్టుకుంది. “లావుపాటాయన వస్తున్నాడు. ఎడమకి తిరుగు.”