నిండిన డబ్బా

వాడిన సూదులు వేసే డబ్బా నిండిపోయిందని ఆ వార్డులో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ నోరు విప్పరు. నిండిందని అన్నవాళ్ళే దాన్ని మూసి, మూడంతస్తులు దిగి, స్టోర్ వాడిని బతిమాలి కొత్తది తెచ్చుకోవాలి మరి. అందుకని వచ్చిన ప్రతివాళ్ళూ డబ్బాను ఓసారి కుదిపి, కాస్త సందు చేసుకుని, తమ సూది అందులోకి దూర్చి చక్కా పోయేవారు. ముప్పాతిక నిండగానే మూసెయ్యమని గోడ మీద రాసే ఉంది. గోడ చెబితే వినేదెవరు? తిలాపాపం తలా పిడికెడు.

ఆ పాపమంతా పోయి పోయి ఒక హౌస్ సర్జన్ పిల్ల నెత్తిన పడింది.

పిల్ల అంటున్నాను గానీ, ఆమెకే నాలుగు నెలల పాప. చదువు పూర్తికాకుండానే పెళ్ళి, పరీక్షలయ్యీ కాకుండానే కాన్పు. అత్తగారు రోజూ మధ్యాహ్నం పాపను ఎత్తుకుని ఆసుపత్రి వరండాకు వచ్చేది. ఈమె పరుగున దిగివచ్చి, మెట్ల పక్క గదిలో కూర్చుని పాలిచ్చి, మళ్ళీ పరుగున ఎక్కేది. అత్తగారి నోరు కాస్త దురుసు. "మీ అమ్మ ఊరందరికీ డాక్టరు, నీకు మాత్రం పాల బూత్" అని కోడలు వినేలాగే పాపతో చెప్పేది. అలా అంటూనే కోడలి కోసం డబ్బాలో అన్నం కలిపి తెచ్చేది. అలాంటి మనిషి.

ఆ రోజు పని తెమల్లేదు. పాలిచ్చే వేళ దాటిపోయి గుండెలు రాళ్ళలా బిగిశాయి, కోటు లోపల జాకెట్టు తడిసింది. చివరి రోగికి రక్తం తీసి, అందరిలాగే తనూ డబ్బాను కుదిపి సూది లోపలికి నెట్టింది. అడ్డంగా ఇరుక్కున్న మరెవరి సూదో గ్లౌజులోంచి బొటనవేలిలో దిగబడింది.

కుళాయి కింద చెయ్యి పెట్టి సబ్బుతో కడుక్కుంటూ నిలబడింది. ఎవరూ చూడలేదు. ఆ సూది ఏ మంచం మీద మనిషిదో, ఆ మనిషి రక్తంలో ఏముందో, డబ్బా చెప్పదు కదా.

కిందికి దిగేసరికి పాప తల్లిని చూసి కాళ్ళు కొట్టుకుంటూ ఏడ్చింది. ఏడుపు వినగానే ఈమెకు పాలు కారసాగాయి. పాపకోసం చాచిన చేతులు దారిలోనే ఆగిపోయాయి. ఇంత చుక్క రక్తానికి ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. చాలామందికి ఏమీ కాదని తను చదువుకున్నదే. కానీ ఒకవేళ ఏదైనా అయితే, అది తనతో ఆగదు, పాప నోట్లోకి వెళ్తుంది.

"అత్తయ్యా, ఇవాళ ఇవ్వలేను. నాకు సూది గుచ్చుకుంది."

"ఎవరి సూది?"

"తెలీదు. తెలీకే భయం."

"నీ చదువు సంతకెళ్ళా" అంది అత్తగారు. ఆ వెంటనే ఏడుస్తున్న పాపను భుజాన వేసుకుని రోడ్డు దాటి, పాలపొడి డబ్బా, సీసా కొనుక్కొచ్చింది.

సంగతి చెబితే పెద్ద డాక్టరమ్మ కేకలు వెయ్యలేదు. జబ్బు అంటకుండా నెల రోజులు మాత్రలు మింగమంది. మూడు నెలలకు ఆఖరి పరీక్ష బాగుందని తేలేదాకా పాలు ఇవ్వొద్దంది. వార్డుకు కొత్త సూదుల డబ్బా ఆ సాయంత్రమే వచ్చింది. రాదా మరి!

ఇంటి దగ్గర పాప సీసా ముట్టుకోలేదు. తల్లి వాసన తగిలితే చాలు, మెడ తిప్పి వెతుక్కుని గుక్కపట్టేది. చివరికి అత్తగారే వచ్చి, కోడలి మొహం చూడలేక గోడ చూస్తూ చెప్పింది. "నువ్వు కనపడకుండా ఉంటేనే తాగుతుందమ్మా."

అందుకని పాలు పట్టే వేళకు ఆమె పక్కగదిలోకి పోయి తలుపు వేసుకునేది. వినకూడదనుకుంటూనే చెవి తలుపుకే ఆనించేది. పాపను పడుకోబెట్టుకోవడం కూడా అత్తగారి వంతే అయింది. పాలు ఎండిపోకూడదని పిండి పిండి తూములో పారబోసేది. బూడిదలో పోసిన పన్నీరంటారే, అది కళ్ళారా చూసింది. మాత్రలకు కడుపులో తిప్పి తిండి సహించేది కాదు. నెల తిరిగేసరికి ఆ పాలు కూడా ఇంకిపోయాయి. ఆ రోజు మొగుడి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అతను వీపు నిమురుతూ కూర్చున్నాడు.

మూడో నెల ఆఖర్న పరీక్ష ఫలితం వచ్చింది. ఏమీ లేదు. వార్డులో వాళ్ళంతా చుట్టూ చేరి, బతికిపోయావన్నారు. ఆమె కూడా నవ్వింది. ఆసుపత్రి నుంచి ఇంటిదాకా ఆ నవ్వు ఆగలేదు, దారిలో మనుషులు తిరిగి చూశారు కూడా.

"ఏమీ లేదట అత్తయ్యా" అంటూ కాళ్ళూ చేతులూ కడుక్కుని పాపను ఒళ్ళోకి తీసుకుంది. అత్తగారు దేవుడికి దణ్ణం పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని, సీసా కలుపుకొచ్చింది.

"నేను పడతాను. పాలెలాగూ లేవు, సీసా అయినా నా చేత్తో పడతాను" అంది కోడలు.

పాప సీసా వంక చూసింది. సీసా పట్టిన చేతి వంక చూసింది. పెదవి విరిచి, మొహం తిప్పేసుకుని, నాయనమ్మ వైపు రెండు చేతులూ చాచి ఏడుపు లంకించుకుంది. అత్తగారు తీసుకోలేదు. కాసేపు చూడు, అదే అలవాటవుతుంది అంది. కోడలు లాలించింది, పాడింది, నిలబడి ఊపింది. పాప ఏడ్చి ఏడ్చి ఎర్రబడింది, దగ్గు పట్టుకుంది.

ఆకలితో ఉన్న బిడ్డ. తల్లి ఎంతసేపని చూస్తుంది? తనే వెళ్ళి పాపను అత్తగారి చేతిలో పెట్టింది. ఏడుపు చటుక్కున ఆగి గుటకలు వినపడ్డాయి. అత్తగారు తలెత్తలేదు, ఆవిడ కన్నీళ్ళు పాప చొక్కా మీద పడుతున్నాయి. ఆ గదిలో ఉండొచ్చో, బయటికి పోవాలో తెలియక తల్లి గుమ్మంలో నిలబడిపోయింది.