ఉమ్రావ్ బేగం లాగిన్

తాండూరులో తాజ్ మొహమ్మద్ నాపరాళ్ల పాలిష్ మిల్లు చాలా ఏళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. అదే దాని జబ్బని ఆయన కొడుకు షెహబాజ్ కనిపెట్టాడు.

ఆ సంగతి కనిపెట్టడానికి అతను హైదరాబాద్ దాకా పోవాల్సి వచ్చింది. అక్కడ ఒక పెద్ద హోటల్లో వ్యాపారస్తుల సదస్సు జరిగింది. కోటు వేసుకున్న ఒకాయన వేదిక మీద అటూ ఇటూ నడుస్తూ, సిస్టమ్ లేని వ్యాపారం వ్యాపారమే కాదన్నాడు. భోజనం కూడా బాగుండటంతో షెహబాజ్‌కు నమ్మకం కుదిరింది. తిరిగొచ్చి చూస్తే తండ్రి మిల్లు ఘోరంగా కనిపించింది. కూలీలు బండలు కోస్తున్నారు, పాలిష్ పడుతున్నారు, లారీకెక్కిస్తున్నారు. కొన్నవాళ్లు సంతోషంగా తీసుకుపోతున్నారు. ఇదంతా కంప్యూటర్ తెర మీద ఒక్క డాష్‌బోర్డు కూడా లేకుండానే జరిగిపోతోంది!

"అబ్బాజాన్, మనకాడ డేటా లేదు," అన్నాడు షెహబాజ్.

"బండలున్నయి గద బేటా," అన్నాడు తాజ్ మొహమ్మద్.

కొడుకు జాలిగా చూశాడు. చదువుకున్న కొడుకు అలా చూస్తే ఎంతటి తండ్రయినా మెత్తబడతాడు. "సరే, నీ ఇష్టం," అన్నాడాయన.

అప్పటిదాకా ఆ సంస్థకు ఉన్నది ఒకే ఒక్క బిల్లుల సాఫ్ట్‌వేర్. వికారాబాద్‌లో వాళ్లకొక అమ్మకాల డిపో ఉంది. దాన్ని చూసుకునే స్నేహలత ఆ సాఫ్ట్‌వేర్‌ను కూడా చూసుకునేది. అది పాతది, నెమ్మదిది, ఎవరినీ ఏమీ అడగదు. అందుకే షెహబాజ్‌కు అది నచ్చలేదు.

అతను సాఫ్ట్‌వేర్లను ఎంచుకున్న పద్ధతి చాలా శాస్త్రీయమైనది. ఎవరి ప్రకటనలో ఎక్కువమంది నవ్వుతూ ఉంటే వాళ్లకు చందా కట్టాడు. కొనుగోలుదార్ల వివరాలకొకటి, పనులు పంచడానికొకటి, ఆఫీసు ముచ్చట్లకొకటి, వీడియో మీటింగులకొకటి, ముఖం చూసి హాజరు వేసేదొకటి కొన్నాడు. అన్నీ వచ్చాక అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదని తెలిసింది. ఎడముఖం పెడముఖంగా ఉన్న అన్నదమ్ముల మధ్య పెద్దమనిషిని కూచోబెట్టినట్టు, వాటిని కలపడానికి ఇంకొకటి కొన్నాడు.

ఏడాదికి ఒకేసారి తీసుకుంటే తగ్గింపు ఉంది. కాకపోతే ఆ తగ్గింపు కావాలంటే చాలా సీట్లు, అంటే వాడేవాళ్ల ఖాతాలు, కొనాలి. అంతమంది ఆఫీసులో లేరు. షెహబాజ్ దీనికి కూడా ఉపాయం ఆలోచించాడు. వాచ్‌మన్‌నూ, లారీ డ్రైవర్లనూ చేర్చాడు. ఇంకా సీట్లు మిగిలిపోతే ఇంట్లో బియ్యం ఏరుకుంటున్న తల్లి ఉమ్రావ్ బేగంను కూడా చేర్చాడు. ఆమె హోదా ఏమిటని సాఫ్ట్‌వేర్ అడిగింది. అది ఇచ్చిన పేర్లలో 'గృహిణి' లేదు. 'స్ట్రాటజీ హెడ్' ఉంది. అదే నొక్కాడు.

ఖాతాలన్నీ తెరిచిన రోజు షెహబాజ్ ఫోన్ బాగుచేయడానికి ఇచ్చి ఉంది. అందుకని మిల్లు మేస్త్రీ అమ్జద్ నంబరు ఇచ్చాడు. తర్వాత మార్చుకుందామనుకున్నాడు. మార్చుకోలేదు.

మొదట తిరగబడింది హాజరు సాఫ్ట్‌వేర్. పాలిష్ మిల్లులో పనిచేసేవాళ్ల మొహాల మీద ఎప్పుడూ తెల్లటి బండపొడి ఉంటుంది. నవ్వుతున్న ఆ ప్రకటనల మనుషుల్లో ఒక్కరి మొహం మీదా పొడి లేదు కాబట్టి, ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ చెప్పలేదు. అది కొందరిని ఒకే మనిషి అనుకుంది. కొందరిని గోడ అనుకుంది. అందరికంటే ముందొచ్చి, అందరి తర్వాత పోయే అమ్జద్‌ను మాత్రం ఎప్పుడూ గుర్తుపట్టలేదు. నెలాఖరుకు అతను ఒక్క రోజు కూడా మిల్లుకు రాలేదని తేల్చింది.

అమ్జద్ నేరుగా షెహబాజ్ దగ్గరికి పోయాడు. "నేను దినాం నీ ముంగటనే ఉంటి గద?"

"సిస్టమ్‌ల ఆబ్సెంట్ అని ఉంది భాయ్. టికెట్ రేజ్ చెయ్యి," అన్నాడు షెహబాజ్, తల ఎత్తకుండా.

"టికెట్ ఏడ తీసుకోవాలె? స్టేషన్లనా?"

టికెట్ అంటే కంప్యూటర్లో పెట్టే ఫిర్యాదని చెప్పే తీరిక షెహబాజ్‌కు లేదు, ఫోన్లో ఏదో చూసుకుంటున్నాడు. అమ్జద్ తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి దులిపి, సొంతూరు మోమిన్‌పేట్‌కు పోయి బావమరిది కోళ్ల షెడ్డులో చేరాడు. అతను మానేసినట్టు కూడా సిస్టమ్ గుర్తించలేదు. దాని లెక్కలో అతను ముందు నుంచీ లేడు.

ఇంతలో ఇంటి దగ్గర ఉమ్రావ్ బేగం ఫోన్ టింగుమని మోగడం మొదలుపెట్టింది. మొదట్లో ఆమె కంగారుపడింది. తర్వాత, ఇంతమంది తనను పిలుస్తుంటే పలకకపోవడం మర్యాద కాదనుకుంది. చదవడం బాగానే వచ్చు. రాయడానికి బద్ధకమైతే ఫోన్‌లోకి మాట్లాడేది. 'లారీ టైరు మార్చాలి' అని పని కనిపిస్తే, 'ఇంకా మార్చలేదా? డ్రైవర్ అన్నం తిన్నడా?' అని అడిగేది. బిల్లు కనిపిస్తే ఎర్రటి గుండె బొమ్మ పెట్టేది. వీడియో మీటింగుకు పిలుపు వస్తే ఫోన్‌ను పప్పుడబ్బాకు ఆనించి, చివరిదాకా కూచునేది. చాలాసార్లు ఆ మీటింగులో ఆమె ఒక్కతే ఉండేది.

వికారాబాద్‌లో స్నేహలతకు ఈ భాగ్యం దక్కలేదు. ఇల్లు కట్టుకునేవాళ్లు వస్తారు. వాళ్లకు నీలం బండ, పసుపు బండ పక్కపక్కన పెట్టి, నీళ్లు చల్లి రంగు చూపించాలి. భార్యకు నచ్చింది భర్తకు నచ్చదు, ఇద్దరికీ నచ్చింది ఇల్లు కట్టే మేస్త్రీకి నచ్చదు. వాళ్ల ముగ్గుర్నీ ఒప్పించేసరికి ఎండ నెత్తికెక్కేది. ఆఫీసు ముచ్చట్ల సాఫ్ట్‌వేర్ తెరిచి, షెహబాజ్ పెట్టిన 'శుభోదయం టీమ్' చూసే తీరిక ఆమెకెక్కడిది?

ఇలా ఏడాది కావొస్తుండగా, ఒక నెల తిరగగానే సాఫ్ట్‌వేర్ తనను ఎవరు ఎంత వాడారో లెక్కగట్టి, దానంతట అదే అందరికీ ఒక నివేదిక పంపింది. పైన పూలు, బెలూన్లు. ఈ నెల ఉత్తమ ఉద్యోగి: ఉమ్రావ్ బేగం, స్ట్రాటజీ హెడ్. అడుగున ఎర్ర గీతతో స్నేహలత పేరు, పక్కన ఒక ప్రశ్న: 'ఈ సీటు మీకు నిజంగా అవసరమా?'

తల్లి పేరు చూసి షెహబాజ్ కాస్త ఇబ్బందిపడ్డాడు. అయినా డేటా డేటానే. స్నేహలతను తాండూరు ఆఫీసుకు రమ్మన్నాడు. ఆమె పొద్దున రైలెక్కి వచ్చింది. తాజ్ మొహమ్మద్ కూడా అక్కడే కూచుని, ఆ గదిలో తనకేమీ సంబంధం లేనట్టు కిటికీలోంచి లారీని చూస్తున్నాడు.

"స్నేహలతా, మీ యాక్టివిటీ అందరికన్న తక్కువ ఉంది," అని షెహబాజ్ కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు. "డిపోకు మనిషి అవసరమా అని సిస్టమే అడుగుతున్నది."

స్నేహలత తెరను చూసింది. ఏడుపు వచ్చేలా ఉంది గానీ, దానికి బదులు కోపమే ముందొచ్చింది. "సార్, పోయిన నెల డిపోల పసుపు బండ ఒక్కటి మిగల్లే. ఎవరు అమ్మిన్రు?"

"అది సిస్టమ్‌ల లేదు."

"నేను బండలు అమ్మాల్నా, సిస్టమ్‌ల ఉండాల్నా? ఒకటి చెప్పుండ్రి."

షెహబాజ్ ఏదో చెప్పబోయేంతలో తలుపు తెరుచుకుంది. ఉమ్రావ్ బేగం లోపలికొచ్చింది. పెళ్లిళ్లకు కట్టే జరీ దుపట్టా వేసుకుంది. చేతిలో మిఠాయి డబ్బా. మిల్లు పెట్టినప్పటి నుంచి ఆమె ఈ ఆఫీసు గదిలోకి రావడం ఇదే మొదలు.

ఇంట్లో వాళ్లు ఎక్కువగా ఉర్దూలో మాట్లాడుకుంటారు. స్నేహలత కూచుని ఉండటం చూసి ఆమె తెలుగులోకి మారింది. "నా ఇనాం ఏది బేటా? బెలూన్లు గూడ వచ్చినయి."

ఎవరూ నవ్వలేదు. ఆమె అందరి మొహాలూ చూసింది. స్నేహలత కళ్లు ఎర్రగా ఉండటం చూసి, డబ్బా బల్ల మీద పెట్టి, ఏమైందని అడిగింది. షెహబాజ్ చెప్పాడు. వీలైనంత ఇంగ్లీషులో చెప్పాడు.

"అంటే, వంటింట్ల కూసొని గుండె బొమ్మలు పెట్టిన నేను మస్తు పనిమంతురాలిని. ఎండల నిలవడి బండలమ్మిన పిల్ల పనికిరాదు. గిట్లనే గద?"

"అట్ల కాదు అమ్మీ, డేటా..."

"నేను ఏంది గీ ఆఫీసుల?"

"స్ట్రాటజీ హెడ్," అన్నాడు షెహబాజ్ నీరసంగా.

"అది పెద్దదా, నీది పెద్దదా?"

సాఫ్ట్‌వేర్ లెక్క ప్రకారం తల్లిదే పెద్దది. కిటికీ వైపు చూస్తున్న తాజ్ మొహమ్మద్ మొదటిసారి ఇటు తిరిగి, భార్యకు కుర్చీ జరిపాడు.

ఆమె కూచుని ఒక్కో సాఫ్ట్‌వేర్ గురించీ ఒకటే ప్రశ్న అడిగింది: "ఇది లేకుంటే ఏమైతది?" పనులు పంచేది లేకపోతే? కేకేసి చెబుతారు. వీడియో మీటింగులది లేకపోతే? ఫోన్ చేసుకుంటారు. అన్నిటినీ కలిపేది లేకపోతే? షెహబాజ్ వేళ్ల మీద లెక్కపెట్టి, కలపడానికేమీ ఉండదన్నాడు. చివరికి పాత బిల్లుల సాఫ్ట్‌వేర్ ఒక్కటే నిలబడింది.

చందాలు ఆపుదామని కూచుంటే కొత్త సంగతి బయటపడింది. ఇంకో రెండు రోజుల్లో ఏడాది నిండుతుంది, అన్నీ వాటంతటవే మళ్లీ మొదలవుతాయి. ఆపాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ అమ్జద్ ఫోన్‌కు పోతుంది. షెహబాజ్ ఫోన్ చేస్తే అమ్జద్ కట్ చేశాడు. మళ్లీ చేస్తే మళ్లీ కట్ చేశాడు.

"లేవు, పోదాం," అంది ఉమ్రావ్ బేగం. స్నేహలతను కూడా బండెక్కమంది. దారిలో వికారాబాద్‌లో దింపుతామన్నారు గానీ, జరగబోయేది చూడకుండా దిగడానికి స్నేహలత ఒప్పుకోలేదు.

మోమిన్‌పేట్‌లో అమ్జద్ కోళ్లకు దాణా పోస్తున్నాడు. ఉమ్రావ్ బేగంకు సలాం చెప్పి, మంచం వాల్చి, స్నేహలతకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. షెహబాజ్ వైపు మాత్రం చూడలేదు.

"అమ్జద్ భాయ్, ఒక ఓటీపీ వస్తది. జర చెప్పాలె," అన్నాడు షెహబాజ్.

"టికెట్ పెట్టు."

ఉమ్రావ్ బేగం కొడుకుకు సాయం రాలేదు.

అమ్జద్ దాణా డబ్బా కింద పెట్టాడు. "నువ్వు చిన్నప్పుడు మిల్లులకు ఉరికొస్తే, మెషిన్ దిక్కు పోవద్దని ఎత్తుకొని తిరిగిన. మెషిన్ నా మొఖం గుర్తుపట్టలేదంటే సరే, దానికేం తెల్సు? నువ్వెందుకు గుర్తుపట్టలే?"

షెహబాజ్ తల దించుకుని, "తప్పైంది భాయ్. ఆ దినం నిన్ను సక్కగ చూడను గూడ చూడలే," అన్నాడు. అతని నోట ఏడాదిలో ఇంగ్లీషు కలవని మాట రావడం అదే మొదటిసారి.

అమ్జద్ ఫోన్ తీసి ఓటీపీలు ఒక్కొక్కటే చెప్పాడు, షెహబాజ్ తన ఫోన్లో కొట్టాడు. ఆపుతామంటే సాఫ్ట్‌వేర్లు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఒకటి కన్నీళ్లు కారుస్తున్న బొమ్మ చూపించింది. ఒకటి సగానికి ఇస్తానంది. ఇంకొకటి, 'మేము ఏం తప్పు చేశాం? ఒక్కసారి ఆలోచించండి' అని వేడుకుంది.

అమ్జద్ అది స్నేహలతతో చదివించుకుని విన్నాడు. "చూసినవా, పోతాంటే ఎంత బతిమిలాడుతున్నదో. నేను పోతాంటే ఒక్కడన్న బతిమిలాడిండా?"

"ఇప్పుడు నేను బతిమిలాడుతున్న," అంది ఉమ్రావ్ బేగం. "రా బేటా."

కోళ్లు అమ్ముడుపోయే దాకా రాలేనని, బావమరిదికి మాటిచ్చానని అన్నాడు అమ్జద్. అన్నట్టే అవి అమ్ముడుపోయాక వచ్చాడు. అతను రావడం కూలీలందరూ చూశారు, కాబట్టి హాజరు ప్రత్యేకంగా వేయాల్సిన పని లేకపోయింది. స్నేహలత సీటు ఎవరూ తీయలేదు. పైగా చందాలకు పోయేదానితో డిపో మీద రేకుల కప్పు వేయించుకుంది. షెహబాజ్ పాలిష్ పట్టడం నేర్చుకుంటానని అమ్జద్ దగ్గర చేరాడు. తొలి వారమే రెండు మంచి బండలు విరగ్గొట్టాడు. అయినా సిస్టమ్ విరగ్గొట్టినదాని ముందు అదెంత?

ఉమ్రావ్ బేగం మాత్రం మళ్లీ ఇంట్లోనే కూచోలేదు. పొద్దున వంట కాగానే ఆఫీసుకొచ్చి ఆ కుర్చీలోనే కూచుంటోంది. హోదా ఎవరూ తీసేయలేదు గదా అంటుంది.

ఒక మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ మోగింది. బెంగుళూరు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కుర్రాడు, తెలుగువాడే. "మేడమ్, మా సేవలు ఎందుకు మానేశారో చెప్పగలరా? మీ అభిప్రాయం మాకు చాలా ముఖ్యం."

"చెప్త గని బేటా, నువ్వు సొంతిల్లు కట్టుకున్నవా?"

"ఊళ్లో అమ్మావాళ్లకు కడుతున్నాను మేడమ్."

"కింద ఏం ఏస్తున్నరు? టైల్సా? అయ్యో, అమ్మ జారిపడదా? నీళ్లు పడ్డా కాలు జారని బండ ఉన్నది మా కాడ. ఎండకాలం సల్లగ ఉంటది."

తాజ్ మొహమ్మద్ చదువుతున్న పేపరు దించి విన్నాడు. ఫోన్లో కుర్రాడు గొంతు తగ్గించి, పసుపు రంగులో కూడా దొరుకుతాయా అని అడిగాడు.