భోంచేశావా తల్లీ

"నేను పండుకున్నా పైసలు పెరుగుతున్నయ్ చూడు" అన్నాడు క్రాంతి కుమార్, మంచం మీద నుంచే ఫోను చూపిస్తూ.

విజయరాణి అప్పటికే చిక్కుడుకాయలు తుంచి కూర వండి, టిఫిన్ డబ్బాలు సర్ది, అత్తగారు ధనమ్మకు స్నానానికి నీళ్లు కాచి పెట్టింది. తను మేలుకుని చేసే ఏ పనీ ఇన్నేళ్లలో పెరిగింది లేదు. తెల్లారితే మళ్లీ మొదటికే వస్తుంది. పడుకున్నా పెరిగేది ఒకటి లోకంలో ఉందన్న మాట ఆమెకు ఎందుకో తియ్యగా తగిలింది.

సురంగల్ నుంచి రోజూ చేవెళ్లకు పోయి ఓ ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుందామె. జీతంలో మిగుల్చుకున్నదంతా ఆ క్రిప్టో యాప్‌లో పెట్టించాడు భర్త. "బిట్‌కాయిన్ లెక్కనే, కొత్తది. ముందు పెట్టినోళ్లే బాగుపడ్తరు. నీకు సమజ్ గాదు గని, ఓటీపీ చెప్పు" అన్నాడు. చెప్పింది.

యాప్ వాళ్ల తరఫున సమత మేడం అని ఒకామె వాట్సాప్‌లో పలకరించేది. ఫొటోలో నేత చీర, నెరిసిన పాపిట, మెత్తని నవ్వు. స్టాఫ్ రూంలో విజయరాణి డబ్బా మూత తీసే వేళకు రోజూ మెసేజ్ వచ్చేది: "భోంచేశావా తల్లీ?" మొదటిసారి చూసినప్పుడు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఇంట్లో వాళ్లు "అన్నమైందా?" అని అడుగుతారు, అది తమ ఆకలి కోసం. తను తిన్నదా అని, అమ్మ పోయాక ఎవరూ అడగలేదు.

సాయంత్రాలు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఫోన్‌లో పెట్టిన డబ్బు లెక్క చూపే పచ్చగీత పైపైకి పాకుతుండేది, బయట చామంతి తోటలు వెనక్కి జారిపోతుండేవి. ఆ పసుపు మీద ఎక్కడి నుంచో ఒక గది వచ్చి నిలబడేది. గోడలు ఒకరోజు నీలం, ఒకరోజు తెలుపు. తలుపుకు లోపలి నుంచి గడియ. లోపల ఆమె ఊరికే పడుకుని ఉండేది. పొయ్యి మీద ఏమీ లేదు, ఎవరి బట్టలూ నానడం లేదు, "రాణీ" అని ఏ గొంతూ పిలవడం లేదు. వాన పడుతున్నట్టుండేది, పడకుండానే మట్టి వాసన వచ్చేది. ఒక్కోసారి సమత మేడం వచ్చి కాళ్ల దగ్గర కూర్చునేది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవారు కాదు. కండక్టర్ "మొయినాబాద్" అని అరిస్తే ఎవరో నీళ్లలో నుంచి పైకి లాగినట్టు ఉలిక్కిపడి, సురంగల్ ఆటో కోసం దిగేది.

ఒకనాడు క్రాంతి, "ఆదివారం చర్చిల స్త్రీల సమాజంల నువ్వు చెప్పాలె. నేను చెప్తే ఇనరు, టీచరమ్మ చెప్తే ఇంటరు. ఒక్కొక్కళ్లు చేరితే మనకు బోనస్" అన్నాడు. ఆ సాయంత్రమే పూలతోట అంతమ్మ వాకిట్లోకి వచ్చింది. భర్త పోయాక ఒంటిచేత్తో తోట చేసుకుంటున్న మనిషి.

"టీచరమ్మా, ఈసారి పూల పైసలు అండ్లనే పెడ్త. ఫోన్ గీన్ నాకేం తెల్వది. నువ్వున్నవ్, గంతే."

విజయరాణికి ఆ రోజు అన్నం సయించలేదు. సంతలో వంకాయ కొన్నా నొక్కి చూసే తను, దీన్ని ఒక్కసారైనా నొక్కి చూడలేదు.

మర్నాడు స్కూల్లో, కొంచెం డబ్బు వెనక్కి తీసుకోవాలని మేడంకు రాసింది. "ముందు పన్ను కట్టాలి తల్లీ, తర్వాత విడుదలవుతుంది." అందులో ఉన్నదాంట్లోనే పట్టుకోండి అంటే, "సిస్టం ఒప్పుకోదు తల్లీ." ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆఫీసు ఎక్కడంటే జవాబు లేదు. మధ్యాహ్నం మాత్రం ఎప్పటిలాగే వచ్చింది: "భోంచేశావా తల్లీ?"

ఆమె చాలాసేపు ఆ అక్షరాలను చూసింది. తర్వాత రాసింది: "తినలేదు. మా అమ్మ చచ్చిపోయింది." అబద్ధమేమీ కాదు, ఏళ్ల కిందటి నిజం.

రెప్పపాటులో జవాబు వచ్చింది. "చాలా సంతోషం తల్లీ. ఆరోగ్యం జాగ్రత్త. పన్ను ఎప్పుడు కడుతున్నావు?"

ఆనాడు బస్సులో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. డబ్బు కోసం కాదు. అటువైపు ఎవరూ లేరు. ఎన్నడూ లేరు. లేని మనిషి అడిగిన ఒక మాటకు తను ఇంతగా కరిగిపోయిందంటే, ఉన్న మనుషుల మధ్య ఎంత ఎండిపోయి బతుకుతోంది? చామంతులు అలాగే వెనక్కి జారుతున్నాయి. వాటి మీద గది ఇంకా ఉంది. అదొక్కటే ఆమెకు వింతగా తోచింది. దాన్ని కట్టింది యాప్ కాదన్నమాట.

ఇంటికి వచ్చి అంతా చెప్పింది. క్రాంతి మొహం పాలిపోయింది. గొంతు తగ్గించి, "ఎవరికి చెప్పకు. ఆదివారం వాళ్లు కట్టినంక బోనస్ వస్తది కద, అండ్లకెల్లి పన్ను కడ్దాం. మనయి మనకొస్తయ్" అన్నాడు.

"మరి అంతమ్మయి?"

"ఊరందరి ఫికర్ నీకెందుకు?"

"మొగడు చెప్పినట్టు ఇను బిడ్డా" అంది ధనమ్మ లోపలి నుంచి.

విజయరాణి పోయి పొయ్యి వెలిగించింది. ఆమె ఊరుకుంటే ఒప్పుకున్నట్టే ఆ ఇంట్లో.

ఆదివారం ఆరాధన అయ్యాక రేకుల షెడ్డు కింద ఆడవాళ్లు చాపలు పరుచుకుని కూర్చున్నారు. పాస్టరమ్మ పిలిస్తే విజయరాణి లేచింది. గొంతు నీళ్లలా సాఫీగా వచ్చింది.

"ఆ యాప్ దొంగది. నా పైసలు పోయినయ్. వాపస్ అడిగితే ఇంకిన్ని కట్టమంటున్నరు. మీరెవ్వరు పెట్టకున్రి. మా ఆయనొచ్చి పెట్టమన్నా పెట్టకున్రి."

అంతమ్మ కొంచెం పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది.

గేటు దగ్గర క్రాంతి బండి స్టార్ట్ చేయకుండా నిలబడి ఉన్నాడు. మాటలన్నీ విన్నాడు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆ కళ్లలో.

"అందరి ముందట గిట్ల చేస్తవా? నా మీద నమ్మకం లేదా నీకు?"

అది ప్రశ్న అని అతను అనుకోలేదు. ఆమె మాత్రం ప్రశ్నలాగే తీసుకుంది. గాలికి చెదిరిన జుట్టు సవరించుకుంటూ నిదానంగా ఆలోచించింది.

"ఇన్నేండ్లల్ల ఎన్నడు పరీక్ష చేసి చూడలె" అంది. "ఇయ్యాల్టి సంది చూస్త."