ముప్ఫై ఒకటో కచేరీ

నేను ఒక తొంభై నిమిషాల క్యాసెట్టును. ఒక వైపు నలభై అయిదు, రెండో వైపు నలభై అయిదు. నా కడుపులో ఒక్క పాట కూడా లేదు. ఈ ముక్క మొదటే చెప్పేస్తున్నాను. సరుకులో లోపముంటే ముందే చెప్పడం నా పద్ధతి. చెప్పినందువల్ల నాకు ఏనాడూ గిరాకీ తగ్గలేదు, పైగా పెరిగింది. అదెలాగో వినండి.

ఏదో ఫ్యాక్టరీలో నాలాంటి వేల క్యాసెట్లతో పాటు పుట్టి, సికింద్రాబాదు జనరల్ బజారులో ఒక కొట్టుకు చేరాను. నా పక్కనున్నవన్నీ భక్తిగీతాలతోనో సినిమా పాటలతోనో నిండి వచ్చినవి. నేను ఖాళీ. ఖాళీ సరుకుకు ఒక సుఖముంది, ఎంత ఆశైనా పెట్టుకోవచ్చు.

నన్ను కొన్నది రైల్వే ఫిట్టరు యేసుపాదం. ఎనభై మూడు జులైలో కాపర్ హెరాన్స్ అనే విదేశీ రాక్ బృందం ఆసియా అంతా తిరిగి ముప్ఫై కచేరీలు చేసి, ముప్ఫై ఒకటోది సికింద్రాబాదులో పెట్టుకుంది. లోపల రికార్డింగు నిషేధం. యేసుపాదం టేపురికార్డరుకు తువ్వాలు చుట్టి భార్య దీనమ్మ చీర కింద కట్టాడు. గేటు దగ్గర కాపలావాళ్ళు నిండు గర్భిణి అనుకుని దారి వదిలారు. ఒక పెద్దాయన కుర్చీ కూడా ఇచ్చాడు.

"ఎప్పుడమ్మా కానుపు?"

"ఇవాళో రేపో అండీ," అంది దీనమ్మ తడుముకోకుండా.

సాయంత్రం ఆరు గంటలకు యేసుపాదం మీట నొక్కాడు. సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. జనరేటరులోకి నీళ్ళు పోయాయి. మొగుడూ పెళ్ళాలిద్దరూ బజ్జీల బండి రేకు పక్కకు చేరారు. నిర్వాహకుడు చేతి మైకులో "ఇంకో అయిదు నిమిషాలు" అని పదిహేడు సార్లు చెప్పాడు. హెరాన్సు వాళ్ళు కారు దిగనే లేదు. యేసుపాదం ఆశ కొద్దీ నన్ను రెండో వైపుకు తిప్పాడు కూడా. ఆ తొంభై నిమిషాల్లో నేను పోగుచేసుకున్నది వాన, బజ్జీలు వేగిన చప్పుడు, చెప్పులు పోయినవాడి తిట్లు, ఒక గొడుగు తగాదా. ఇంటికెళ్ళాక నా మీద బృందం పేరు, ఊరు, తేదీ రాశాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం కాదు.

ఆ ముప్ఫై ఒక్క కచేరీల దొంగ రికార్డింగులు పోగుచేసేవాళ్ళు ఊళ్ళో పదకొండు మంది తేలారు. ఆదివారాలు పళ్ళ డాక్టరు గోటేటి నిరంజన్ క్లినిక్కులో కూడేవారు. వాళ్ళ నియమం ఒకటే, అమ్మకం పాపం, మార్పిడి పుణ్యం. బ్యాంకాక్ కచేరీలో ఎవరో పద్నాలుగు సార్లు దగ్గిన టేపుకు, దగ్గు లేనివి రెండు ఇచ్చేవారు. దగ్గుంటే అసలుదని నమ్మకమట. అన్ని ఊళ్ళవీ దొరికాయి. సొంత ఊరిదే దొరకలేదు.

అది యేసుపాదం దగ్గరుందని తెలిసి, డాక్టరు ఆయన్ని కుర్చీలో పడుకోబెట్టి బేరం మొదలుపెట్టాడు.

"అందులో పాటే లేదండీ డాక్టరుగారూ. అంతా వానేనండీ."

"లేదంటున్నావంటే ఎంత గొప్పగా ఉందో!"

"ఒట్టండీ, ఉత్త వాన."

"సరేలే, పుచ్చినవి మూడూ ఉచితంగా పీకేస్తాను."

బేరంలో నిజం చెప్పడాన్ని మించిన ఎత్తు లేదని నాకు ఆ రోజే తెలిసింది. మూడు పళ్ళకు నేను చేతులు మారాను. ఆ పళ్ళు యేసుపాదానికి పనికిరావు, నేను డాక్టరుకు పనికిరాను. బేరం సమంగా కుదిరింది.

డాక్టరు నన్ను వినలేదు. తిప్పితే అరుగుతానని గాజు పెట్టెలో, కట్టుడు పళ్ళ నమూనాల మధ్య దాచాడు. ఏళ్ళ తరబడి ఆ పళ్ళు నన్ను చూసి నవ్వుతూనే ఉన్నాయి. విప్పని మూటకే ధర.

ఆ పదకొండు మందిలో సికింద్రాబాదు కచేరీకి స్వయంగా వెళ్ళినవాడు ఒక్కడే, రాజమండ్రి నుంచి వచ్చి ఊళ్ళో స్థిరపడి టైపు ఇన్‌స్టిట్యూటు నడిపిన తాడికొండ వీరభద్రం మాస్టారు. మిగతా ముప్ఫై క్యాసెట్లూ పూర్తిగా ఉన్నది కూడా ఆయన దగ్గరే. అందుకని పెద్ద కుర్చీ ఆయనది, మొదటి టీ ఆయనది. "పంతొమ్మిది నిమిషాలు డ్రమ్ము ఒక్కటే వాయించాడయ్యా!" అని ప్రతి ఆదివారం కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఆ గదిలో నిజం తెలిసినది మా ఇద్దరికే. నాకు నోరు లేదు, ఆయనకు ధైర్యం లేదు.

అలా ముప్ఫై ఏళ్ళు గడిచాక, సంఘంలో కొత్తగా చేరిన సౌండ్ ఇంజనీరు మృదుల, "వచ్చే ఆదివారం దీన్ని కంప్యూటర్లోకి ఎక్కించేద్దాం డాక్టరుగారూ. ఒక్కసారి తిప్పితే చాలు, అందరం వినొచ్చు," అంది.

మాస్టారు మొదటి టీ సగంలోనే కింద పెట్టేశాడు. ముప్ఫై ఏళ్ళ మర్యాద ఇంకో వారంలో వానపాలు.

మర్నాడే తన క్యాసెట్లన్నీ అట్టపెట్టెలో మోసుకొచ్చాడు. "ఈ ముప్ఫై మీకు. అదొక్కటీ నాకు."

డాక్టరు కళ్ళు చిన్నవి చేశాడు. "ముప్ఫై ఇస్తున్నారంటే ఇందులో ఏముందో! మీ టేపు డెక్కు కూడా ఇవ్వాలి మాస్టారూ."

అదీ ఇచ్చాడు. లెక్క చూడండి. ముప్ఫై ఒకటోది చేతికొచ్చేసరికి ముందున్న ముప్ఫై పోయాయి. దీన్ని చెరిపేద్దామంటే యంత్రమూ పోయింది.

దాంతో నన్ను పట్టుకుని లాలాగూడలో యేసుపాదం ఇంటికి వెళ్ళాడు. అప్పటికి దీనమ్మ పోయి ఆరేళ్ళు. పాత టేపురికార్డరు మాత్రం అలాగే ఉంది. మాస్టారు ఉన్నదున్నట్టు చెప్పుకుని, "చెరిపెయ్యి యేసుపాదం. నా పరువు నీ చేతిలో ఉంది," అన్నాడు.

"ముందొకసారి విందాం లెండి."

వాన. తర్వాత దీనమ్మ.

"ఓ అబ్బాయ్! నీ గొడుగు నీళ్ళన్నీ నా నెత్తిన పోస్తున్నావు!"

"రాజమండ్రి నుంచి వచ్చానండీ, నన్ను తడవమంటారా?"

"రాజమండ్రి నుంచి నా నెత్తిన పొయ్యడానికొచ్చావా? అసలే వట్టి మనిషిని కాను!"

ఆ అబ్బాయి గొంతు మాస్టారిదే.

యేసుపాదం చెరిపే మీట మీంచి వేలు తీసేశాడు. "చెరపనండి. ఆవిడ మాట నాకు ఇంకెక్కడా మిగల్లేదు. మీరు నిజం చెప్పెయ్యండి మాస్టారూ. నేను ఆనాడే చెప్పేశాను. నా పంటి నొప్పి పోయింది."

ఆదివారం మాస్టారు అందరి ముందూ నిలబడ్డాడు. "వాళ్ళు పాడలేదు. నేను విన్నది వాన. ఇన్నేళ్ళూ అబద్ధమాడాను."

డాక్టరు నన్ను డెక్కులో పెట్టాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. గొడుగు తగాదా రాగానే, "అది మాస్టారే! వెళ్ళినట్టు సాక్ష్యం!" అని మృదుల ఎగిరి గంతేసింది. రెండో వైపు, బజ్జీల బండి రేకు మీద వాన దంచడం మొదలైంది.

"డ్రమ్ము," అన్నాడు డాక్టరు గుసగుసగా.

"అది రేకయ్యా!"

"కాదంటున్నారంటే ఎంత గొప్పగా విన్నారో!"

ఇప్పుడు నేను దీనమ్మ కుట్టుమిషను సొరుగులో ఉంటాను. మాస్టారే నన్ను యేసుపాదానికి ఇచ్చేశాడు, బదులేమీ అడగకుండా. నా జన్మలో అలాంటి బేరం అదొక్కటే. నా నకళ్ళు మాత్రం ఊరూరా తిరుగుతున్నాయి. ఒక వాన నకలుకు మూడు పాటల టేపులు పలుకుతున్నాయట. ఆదివారాలు యేసుపాదం నన్ను జేబులో వేసుకుని సంఘానికి వస్తాడు. మాస్టారు ప్రతిసారీ "అది వాన" అంటాడు. అందరూ గౌరవంగా తలలూపుతారు. పెద్ద కుర్చీ, మొదటి టీ ఆయనకు తప్పలేదు.

మొన్న ఆదివారం మాత్రం, నా రెండో వైపు రేకు మీద వాన అందుకోగానే మాస్టారి వేళ్ళు బల్ల మీద తాళం వెయ్యడం మొదలుపెట్టాయి. ఆ దంపుడు ఆగాకే అవి ఆగాయి. నేను లెక్క చూశాను. సరిగ్గా పంతొమ్మిది నిమిషాలు.